తువ్వాలు చాటు చెయ్యి

నా తల తెరిచి లోపల పని చేస్తున్నప్పుడు నేను మెలకువగానే ఉన్నాను. ఈ మాట చెబితే మా ప్రొద్దుటూరులో సగంమంది నవ్వుతారు, తక్కిన సగంమంది కుట్ల మచ్చ దాచే నా టోపీ వైపు చూస్తారు. టీ కొట్టు దగ్గర చెప్పి చెప్పి విసుగెత్తింది. వినేవాళ్లు ఎవరికి కావలసిన వైపు వాళ్లు కథను లాక్కుపోతున్నారు. మొన్న ఒకాయన నేను అద్దంలో నా మెదడు చూసుకున్నానని నాకే చెప్పాడు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. రాస్తున్నంతసేపూ కుడిచేతికి పని ఉంటుంది. పని లేకపోతే ఆ చేతి వంకే చూస్తూ కూర్చుంటాను, అది నాకు మంచిది కాదు.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. నా పేరు దస్తగిరి. మాది దూదేకుల కుటుంబం. మా నాయన పరుపులు కుట్టేవాడు, మా అన్న మౌలాలి ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు కాబట్టి పశువుల బేరాల్లోకి పోయాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంతల్లో ఎద్దుల్ని అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడే దళారిని. మా బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరపున నేను కుడిచెయ్యి చాస్తాను, కొనేవాడు తన చెయ్యి కలుపుతాడు, పైన తువ్వాలు కప్పుతాం. ఆ చాటున వేళ్లు మాట్లాడతాయి. ఏ వేలు పడితే ఎంతో, ఎన్ని వేళ్లు పడితే ఎంతో మాకు తెలుసు. చుట్టూ ఎంతమంది మూగినా ధర మా ఇద్దరి మధ్యే ఉంటుంది. ధర నచ్చినా, గుండె జారినా ముఖంలో మాత్రం కనిపించకూడదు. గోడకు కళ్లు పెట్టినట్టుండాలి. చివరికి ఎదుటివాడి చెయ్యంతా పట్టి గట్టిగా ఒత్తితే బేరం కుదిరినట్టు. ఒత్తిన తరువాత లేదనడం ఉండదు. అట్లా అన్నవాడికి మళ్లీ సంతలో ఎవరూ చెయ్యి ఇవ్వరు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు, చలికాలంలో, పులివెందుల సంతలో మొదలైంది. వేంపల్లె పక్క నుంచి ఓబులరెడ్డి అనే రైతు తెల్లటి జత ఎద్దుల్ని తోలుకొచ్చాడు. బిడ్డల్లాగా పెంచినవి. ఇంతకు తగ్గితే ఇవ్వొద్దని నాకు ముందే చెప్పి, పక్కన నిలబడ్డాడు. బేరగాడు నా చెయ్యి పట్టాడు. చాలా తక్కువ దగ్గర మొదలుపెట్టాడు, అది మామూలే. నేను అతని వేలు తోసేసి పైకి పట్టాలి. అంతలో నా బొటనవేలు జివ్వుమంది. చీమలు పారినట్టు మణికట్టు దాకా ఎక్కింది. నేను ఏమీ చేయకుండానే వేళ్లన్నీ ముడుచుకుని అతని చేతిని బిగించి పట్టేశాయి. ఆ పట్టు వదిలించుకోవడానికి అతనే కాస్త గుంజుకున్నాడు. తువ్వాలు తీసి, "కుదిరిందప్పా," అని అందరికీ చెప్పాడు.

ఓబులరెడ్డికి ధర తెలియగానే ముఖం నల్లబడింది.

"ఏంది దస్తగిరీ, నేను జెప్పిందేంది, నువ్వు ఒత్తిందేంది?"

"నేను ఒత్తలేదన్నా."

"నీ చెయ్యే గదప్పా, ఇంగెవురిది?"

ఆయన మాట తప్పే మనిషి కాదు కాబట్టి పలుపులు విప్పి ఇచ్చేశాడు. ఎద్దుల వెనక కొంత దూరం నడిచి ఆగిపోయాడు. నన్ను ఇంకొక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

తరువాత అది వస్తూ పోతూ ఉండింది. అన్నం కలుపుతుంటే ఒకసారి, బస్సులో కమ్మీ పట్టుకుని ఉంటే ఒకసారి. ఎప్పుడూ బొటనవేలే ముందు. ఎడమచేత్తో కుడి మణికట్టును బిగించి పట్టుకుంటే కొన్నిసార్లు పైకి ఎక్కకుండా ఆగేది. అందుకని పొద్దున లేచింది మొదలు ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని తిరగడం అలవాటైంది. దొంగను స్టేషనుకు తీసుకుపోతున్నట్టు ఉండేది. మా ఇంటిదాని పేరు హుసేనమ్మ. "ఏంది ఆ పట్టుకోడం?" అని అడిగితే చలి అనేవాణ్ణి. ఎండాకాలం వచ్చాక ఆ మాట పనికి రాలేదు.

ఆ ఎండాకాలమే జమ్మలమడుగు సంతలో పడిపోయాను. ఈసారి చీమలు మోచెయ్యి దాటి భుజానికి ఎక్కి, నోటి మూలను పక్కకు లాగాయి. కళ్ల ముందు ఎద్దుల కాళ్లు కనిపించడం గుర్తుంది. లేచేసరికి కుడిచేతిలో ఎవరిదో తాళాల గుత్తి, ముక్కు దగ్గర చెప్పు, నాలుక నిండా రక్తం. చుట్టూ ఉన్నవాళ్లంతా నాతో ఏళ్ల తరబడి చేతులు కలిపినవాళ్లు. వాళ్ల కళ్లలో జాలి చూశాను. జాలి వెనక ఇంకోటి కూడా చూశాను. ఈ చేతిని ఇక నమ్మేదెట్లా అని.

అక్కడి ఆసుపత్రిలో వరండా బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. నేను కూర్చున్నది తక్కువ, తిరిగింది ఎక్కువ. కాలుగాలిన పిల్లిలాగా ఆ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలమ్మ, "కూచ్చోప్పా, నిన్ను జూచ్చాంటే నాకే తల తిరగతాండాది," అంది. డాక్టరమ్మ లోపలికి పిలిచి, ముందు ఏ వేలు అదురుతుందని అడిగింది. బొటనవేలన్నాను. ప్రతిసారీ అదేనా అంది. అదేనన్నాను. ఆమె రాయడం ఆపింది. ఇన్నాళ్లూ నేను చేతిలో ఉందనుకున్న జబ్బు చేతిలో లేదట, తలలో ఎడమవైపు ఒకచోట ఉందట. మాత్రలు ఇచ్చి, మద్రాసులో తల తెరిచి చూసే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల దగ్గరికి పొమ్మంది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే మౌలాలన్న ఒంటికాలి మీద లేచాడు.

"తలకాయ కోపిచ్చుకోని బతికినోణ్ణి యాడన్నా జూసినావా నువ్వు? మద్రాసు మనదే గాకుండా పాయె, మన రాజ్యం గాని రాజ్యానికి బోయి తల పగలగొట్టిచ్చుకుంటావా?"

ఆయన నన్ను దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. మా ఎదురింటావిడ నా కోసం గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని సిందూరం తెచ్చింది. నేను ఎవరినీ కాదనలేదు. ఆ స్థితిలో ఎవరు ఏ వైపు నుంచి లాగినా పోతాం. హుసేనమ్మ మాత్రం మా అన్న ఎదుటికి వచ్చి మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"తాయెత్తు కట్టిచ్చినావు, మంచిదే. అది చేతికుండాది. జబ్బు తలకాయలో ఉండాదంటాండారు గదా బావా."

దాంతో ఆయన అలిగి మా ఇంటికి రావడం మానేశాడు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఆ నెలలు నాకు జబ్బు కన్నా ఎక్కువ బరువనిపించాయి. మాత్రలకు ఎప్పుడూ కునుకు. కునుకులో కూడా చెయ్యి అదిరిందేమోనని ఉలిక్కిపడి లేవడం. సంతకు పోతే నమస్కారాలు బాగానే పెట్టేవాళ్లు, టీ ఇప్పించేవాళ్లు, బేరం మొదలయ్యేసరికి ముఖం చాటేసేవాళ్లు. తువ్వాలు భుజాన వేసుకుని రోజంతా నిలబడి తిరిగొచ్చేవాణ్ణి. ఒకరోజు అట్లా వచ్చేసరికి హుసేనమ్మ రెండు చీరలు, నా రెండు పంచెలు మూట కట్టి గడప దగ్గర పెట్టి ఉంది.

"నువ్వు రాకుంటే నేనొకదాన్నే పోయి, ఆ డాక్టరు ఏమంటాడో అడిగొచ్చా," అంది.

జబ్బు నాదైతే తనొక్కతే పోయి ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా ఆమె ముఖం చూసి వెంట నడిచాను.

కొత్తగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతి చలికాలం అది. ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసులో దిగాం. అక్కడి హాల్లో మాలాంటివాళ్లు బారులు బారులుగా కూర్చుని ఉన్నారు. తలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు, నడవలేక భుజాల మీద వచ్చినవాళ్లు, పిలవగానే పేరు గుర్తురాక పక్కవాళ్ల వైపు చూసేవాళ్లు. అరవం మాకు రాదు. ఒక పేరు పిలిచినప్పుడల్లా నేను లేచేవాణ్ణి, హుసేనమ్మ పంచె పట్టి లాగి కూర్చోబెట్టేది. వెన్నులోకి గాలి ఎక్కించి తలకు ఫోటోలు తీశారు. ఆ తరువాత వచ్చిన తలనొప్పి గురించి రాయను. ఇప్పుడు తలుచుకున్నా కళ్లు మూసుకోబుద్ధవుతుంది. అసలు ఆపరేషన్ కన్నా అదే ఎక్కువ బాధ పెట్టిందని మాత్రం చెప్పాలి, ఎందుకంటే రాబోయేవాళ్లకు ఎవరూ ఆ సంగతి చెప్పడం లేదు.

పెద్ద డాక్టరు సన్నగా, తొందర లేకుండా ఉండేవాడు. ఆయన మాట నాకు తెలుగులో చెప్పింది కమలమ్మ అనే నర్సు. చిత్తూరు పక్క పిల్ల. తలలో చిన్న గడ్డ ఉందట. అది సరిగ్గా కుడిచేతిని కదిలించే చోటును ఆనుకుని కూర్చుందట. తీయవచ్చు. కానీ కత్తి కొంచెం అటు పోతే చెయ్యి పడిపోతుంది.

"అందుకని నిన్ను మత్తులో పండబెట్టరన్నా. నువ్వు మేలుకోనుండల్ల, మాట్లాడతా ఉండల్ల, చెయ్యి ఆడిస్తా ఉండల్ల. నీ చెయ్యి బాగుండేదాకా ఆయప్ప కోస్తాడు. తగ్గితే ఆపేస్తాడు."

"మొత్తం తీయడా?"

ఆమె అడిగి చెప్పింది. "నీ చెయ్యి ఒప్పుకున్నంత."

బతుకంతా ఇంకొకరి తరపున బేరం చేసినవాణ్ణి. నా తరపున బేరం చేసుకోవాల్సి వచ్చేసరికి ఏమి అడగాలో తెలియలేదు. కోసేటప్పుడు నొప్పి ఉంటుందా అన్నాను. చర్మానికి సూదులు వేసేటప్పుడు ఉంటుంది, మెదడుకు నొప్పి తెలియదంది. ఆ రెండో మాట నేను నమ్మలేదు.

ముందురోజు మంగలి వచ్చి గుండు గీశాడు. గుండుతో వార్డులో తిరుగుతుంటే తలుపు దగ్గర మౌలాలన్న నిలబడి ఉన్నాడు. ఎట్లా వచ్చాడో, ఆ మహానగరంలో ఆసుపత్రి ఎట్లా పట్టుకున్నాడో చెప్పలేదు. నన్ను చూసి, "నాయన మాదిరే ఉండావు," అని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. రక్తం అవసరమవుతుందంటే తనే పోయి ఇచ్చి వచ్చాడు. వచ్చి, "శానా తీసినారు, వీళ్లకు ఏం లెక్కా పత్రం లేదు," అని సణిగాడు. ఆయన సణుగుడు విన్నాక నాకు ఆకలేసింది. చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాను.

ఆ పొద్దున నన్ను బల్ల మీద కుడిపక్కకు వాల్చి, తల కదలకుండా ఇసుక సంచులు పెట్టారు. ముఖం చుట్టూ గుడ్డలు కట్టి చిన్న డేరాలాగా చేశారు. డేరా లోపల నేనూ కమలమ్మా. బయట ఏం జరుగుతుందో నాకు కనపడదు, వినపడుతుంది. కమలమ్మ ముక్కాలి పీట వేసుకుని నా ముఖం దగ్గర కూర్చుని, దుప్పటి కింద నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. చేతులు రెండూ గుడ్డ కింద. నేను కొనేవాణ్ణో అమ్మేవాణ్ణో మాత్రం తెలియడం లేదు.

సూదులు నిజంగానే నొప్పి. తల చుట్టూ తేలు కుట్టుకుంటూ పోయినట్టు ఒక్కొక్కటే వేశారు. ఆ తరువాత నెత్తి నాది కాకుండా పోయింది. ఎముకకు బెజ్జాలు వేసేటప్పుడు నొప్పి లేదు కానీ ఆ చప్పుడు ఉందే, అది చెవిలోంచి రాలేదు, పళ్లలోంచి వచ్చింది. వడ్రంగి మా ఇంటి వాకిలి చట్రానికి బర్మా తిప్పుతుంటే నేనే ఆ చట్రమైనట్టుంది. లేచి పారిపోవాలనిపించింది. కాళ్లు దుప్పటి కింద నడుస్తూనే ఉన్నాయి. కమలమ్మ, "కాళ్లు ఆడిచ్చుకో, తలకాయ మాత్రం వద్దన్నా," అంది. ఆ పిల్లకు కోపం రాదు. నాకైతే వచ్చేది.

చప్పుడు ఆగింది. ఏదో టక్కున ఊడింది. ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దంలోనే నాకు అసలైన భయం వేసింది. తల తెరిచి ఉంది, లోపల ఎవరి వేళ్లో ఉన్నాయి, నాకు ఏమీ తెలియడం లేదు. నొప్పి ఉంటే అక్కడ ఏదో జరుగుతోందని తెలిసేది. దాహంగా ఉందంటే కమలమ్మ తడిగుడ్డతో పెదాలు అద్దింది. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. ప్రాణం అక్కడే ఉన్నట్టనిపించింది.

"మాట్లాడన్నా. నీ పని జెప్పు."

ఎద్దుల గురించి మొదలుపెట్టాను. పాలపళ్ల కోడె అంటే ఏది, రెండు పళ్లది ఎట్లుంటుంది, నాలుగు పళ్లకు నోరెట్లా విప్పి చూడాలి. ఆ పిల్ల ఊ కొడుతోంది. అట్లా చెబుతుండగా నా బొటనవేలు ఎగిరింది. నేను ఎగరేయలేదు. పైన డాక్టరు సన్నటి తీగతో ఎక్కడో ముట్టుకున్నాడట. మళ్లీ ముట్టుకున్నాడు, చూపుడువేలు ముడుచుకుంది. ఇంకోచోట ముట్టుకుంటే నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది. కోడె అనాలి, ఏమనాలో తెలుసు, నోరు మాత్రం తెరుచుకుని ఉండిపోయింది. తీగ తీయగానే మాట వచ్చింది. నాకు ఏడుపు కూడా వచ్చింది. ఇన్నాళ్లూ నా చెయ్యి, నా మాట అంటూ మీసం తిప్పాను. ఎవరో తీగ ముట్టిస్తే వాళ్ల మాట వింటున్నాయి అవి. పులివెందులలో ఓబులరెడ్డి అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పగలను. చెయ్యి నాదే, ఒత్తింది మాత్రం నేను కాదు.

గడ్డ తీయడం మొదలుపెట్టారు. కమలమ్మ ఆగకుండా అడుగుతోంది. "బొటనేలు ఒత్తు. చూపుడేలు. నడిమేలు." నేను ఒత్తుతున్నాను. "సగానికి పైన వచ్చిందంట," అని చెప్పింది. నా గుండె ఎగిరింది. మొత్తం వచ్చేస్తే మళ్లీ సంతలో నిలబడతాను, తువ్వాలు కప్పుతాను. ఆ తలపుతోనే ఒత్తుతుండగా చిటికెన వేలు బరువెక్కింది. ఒత్తమని చెబుతున్నాను, అది ఆలస్యంగా కదిలింది. ఇంకొంచెంసేపటికి దాని పక్క వేలు కూడా.

"చెయ్యి ఎట్టుండాదన్నా?"

"బాగుండాది," అన్నాను.

ఎందుకట్లా అన్నావని హుసేనమ్మ తరువాత నన్ను తిట్టని తిట్టు లేదు. తగ్గుతోందని చెబితే ఆయన ఆపేస్తాడు. ఆపితే గడ్డ మిగులుతుంది, మూర్ఛ మిగులుతుంది, ఎవరూ నా చెయ్యి పట్టరు. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే బేరం నా ధరకు కుదురుతుందని నా ఆశ. అంతకన్నా ఎక్కువగా, అది అలవాటు. చెయ్యి కలిపి ఉన్నప్పుడు మనం తగ్గుతున్నామని ఎదుటివాడికి తెలియనివ్వకూడదు. జీవితమంతా చేసింది అదే. ఎదుట ఉన్నది బేరగాడు కాదు, నన్ను బతికించడానికి కూర్చున్నవాడు అన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు. తెరిచి ఉన్న బుర్ర కదా మరి.

నా ముఖంలో ఏమీ కనిపించి ఉండదు. కమలమ్మ నా ముఖం వైపు చూడను కూడా లేదు. కళ్లు దించుకుని నా చేతిని ఇంకోసారి పట్టి చూసి, తల పైకెత్తి అరవంలో గబగబా ఏదో చెప్పింది. పైన చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

"ఏం జెప్పినావు?"

"నీ చెయ్యి ఏం జెప్తాందో అదే జెప్పినానన్నా."

"ఆపొద్దని జెప్పు. నాకు బాగుండాది. కోయమను."

కాసేపటికి పైనుంచి డాక్టరు గొంతు వినిపించింది. నెమ్మదిగా, రెండు మాటలు. "చాలంటాండాడు," అంది కమలమ్మ. "రవంత మిగిలిపోయిందంట. అది చేతికి అంటుకోనుండాదంట."

తల మూసేటప్పుడు నేను మాట్లాడలేదు. ఆమె అడిగినవి కూడా చెప్పలేదు. ఆమె మాత్రం చెయ్యి వదలలేదు.

మరుసటి రోజు తల, కన్ను వాచిపోయాయి. మోచెయ్యి నుంచి కిందికి చెయ్యి వేలాడిపోయింది. చెయ్యీ పాయె, గడ్డా మిగిలె అనుకున్నాను. నా కోపమంతా కమలమ్మ మీదకు పోయింది. ఆ పిల్ల నోరు మెదపకుండా ఉంటే గడ్డ మొత్తం పోయేది కదా అని పళ్లు కొరికాను. హుసేనమ్మ డాక్టరును అడిగి వచ్చి చెప్పింది.

"ఇంగ రవ్వంత కోసింటే చెయ్యి ఎప్పటికీ లేకుండా పోతాండెనంట. ఇప్పుడైతే వాపు తగ్గినాక వచ్చాదంట. ఆ పిల్ల కాళ్లకు దండం బెట్టాల్సినోడివి, అటు తిరిగి పండుకుంటాండావు."

ఆ రోజుల్లో హుసేనమ్మ కూడా నాతో సరిగ్గా మాట్లాడేది కాదు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు తను మెట్ల మీద కూర్చుందని, పక్క మంచం రోగి తల్లి, తెలుగు తెలియని అరవావిడ, తన చెంగు పట్టుకుని పక్కనే కూర్చుని కాఫీ తాగించిందని చాలా రోజుల తరువాత చెప్పింది. నా భయం నాకు ఎక్కువై, తలుపు బయట ఉన్న భయం గురించి ఒక్కసారి కూడా అడగలేదు నేను.

కమలమ్మ రోజూ వచ్చేది. నేను పలకకపోయినా మంచం అంచున కూర్చుని నా కుడిచేతిలో తన చెయ్యి పెట్టి, "ఒత్తన్నా," అనేది. ఏమీ రాకపోతే, "రేపు జూస్తాం," అని పోయేది. ఒకరోజు బొటనవేలు కదిలింది. ఆమె చేతి మీద ఈగ వాలినంత. ఆమె హుసేనమ్మను కేకేసి పిలిచి ఆమె చేతిని అక్కడ పెట్టింది. నేను మళ్లీ ఒత్తాను. హుసేనమ్మ ఆ చేతిని వదిలిపెట్టకుండా అట్లాగే కూర్చుంది. మధ్యాహ్నం అన్నం వచ్చినా లేవలేదు.

ఊరికి బయల్దేరేటప్పుడు కమలమ్మకు ఏదో చెప్పాలనుకున్నాను. నోటికి వచ్చింది ఒక్కటే. "మీ నాయనకు ఎద్దులు కావల్లంటే నాకు కబురు పంపు, మంచి జత జూసిచ్చా."

"మా నాయన ఇస్కూలు మాస్టరన్నా, ఆయప్పకు ఎద్దులెందుకు?" అని నవ్వింది. నేను చెప్పదలుచుకున్నది ఆమెకు తెలిసిందనే అనుకుంటున్నాను.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగగానే, తలకు చుట్టిన తువ్వాలు కింద గుండు చూసి ముగ్గురు నలుగురు, "ఏందప్పా దస్తగిరీ, తిరపతికి పోయొచ్చివా?" అని అడిగారు. అవునన్నాను. ప్రసాదం ఏదన్నారు. దానికి కూడా ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. మూడు వేళ్లు బాగా వచ్చాయి, ఉంగరపు వేలు బద్ధకంగా వస్తుంది, చిటికెన వేలు రాలేదు. ఆ తరువాత నేను పడిపోలేదు. బొటనవేలు మాత్రం ఎప్పుడన్నా జివ్వుమంటుంది. అప్పుడు ఉన్నచోటే కూర్చుండిపోయి, పైకి ఎక్కుతుందా లేదా అని చూస్తాను. ఇప్పటిదాకా మణికట్టు దగ్గరే ఆగుతోంది. మిగిలిపోయిన ఆ రవ్వంత లోపల నిద్రపోతోందో, పెరుగుతోందో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదట. ఆ తెలియకపోవడంతోనే తింటున్నాను, తిరుగుతున్నాను. తువ్వాలు బేరాలు పోయాయి. రైతుల వెంట పోయి పశువును చూసి, ఇది ఇంత చేస్తుందని నోటితోనే చెబుతాను. తోటి దళారులకు నా మీద మంట. వినేవాళ్లు వింటున్నారు, బతుకు జరుగుతోంది.

పోయిన నెల నా సంగతి విని జమ్మలమడుగు నుంచి మొగుడూ పెళ్లాలు వచ్చారు. నేతపని వాళ్లు. ఆమె పేరు సుబ్బమ్మ. ఆమెకూ కుడిచేతి నుంచే మొదలవుతుందట, ఆమెనూ మద్రాసుకు పొమ్మన్నారట. మొగుడు అన్నీ అడుగుతున్నాడు. ఎన్నాళ్లుంచుతారు, ఎవరు తోడుండాలి, అరవం రాకపోతే ఎట్లా అని. సుబ్బమ్మ ఏమీ అడగలేదు. నా చెయ్యి వంకే చూస్తోంది. చివరికి అంది.

"అప్పా, మా పాపకు రోజూ జడ ఏసేది నేనే. ఆ చేత్తో జడ ఏసేదానికి అయితాదా?"

అంతా బాగుంటుందమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ఆ మాట చెప్పి పంపడం చాలా సులభం.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "నేనెప్పుడూ జడ ఏసి ఎరగను."

తలుపు వెనక నుంచి వింటున్న హుసేనమ్మ బయటికి వచ్చింది. నా ముందు వీపు పెట్టి చాప మీద కూర్చుంది. నెత్తి మీది కొంగు దించి, కొప్పు విప్పేసింది.

"ఏసి చూపియ్యి," అంది.

సుబ్బమ్మ మొగుడు గబుక్కున వీధి వైపు తిరిగాడు. నాకు చెవులు వేడెక్కాయి. అన్నేళ్ల కాపురంలో ఆమె జుట్టును పట్టపగలు ముట్టుకోవడం అదే మొదలు, అదీ పరాయివాళ్ల ముందు. మూడు పాయలు చేశాను. మొదటి రెండు మలుపులు బాగానే వచ్చాయి. మూడో పాయ చిటికెన వేలి పక్క నుంచి జారిపోయింది. మళ్లీ ఏరుకున్నాను, మళ్లీ జారింది. ఈసారి నడిమి వేలితో అదిమిపట్టి తిప్పాను. చెమటలు పట్టాయి. ఎద్దును పట్టి నోరు విప్పడం ఇంతకన్నా సులువు. సుబ్బమ్మ వంగి, జడను కాదు, ఒక్కొక్క వేలినీ చూస్తోంది. కిందికంటా వచ్చేసరికి జడ ఒక పక్కకు తిరిగిపోయింది, మధ్యలో వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"చిటికెనేలు రాలే," అంది సుబ్బమ్మ.

"రాలేదమ్మా. ఇంగ రాదు."

ఆమె చెయ్యి చాచి, నేను వేసిన జడను పైనుంచి కొస దాకా తడిమి చూసింది. తన కుడిచేతిని ఒకసారి మూసి తెరిచింది. ఆ తరువాత వీధి వైపు తిరిగి ఉన్న మొగుణ్ణి కాకుండా నన్నే అడిగింది.

"మద్రాసు రైలు ఎర్రగుంట్లకు ఏ పొద్దుకు వచ్చాదప్పా?"

చెప్పాను. వాళ్లు పోయాక, ఆ జడ విప్పి సరిగ్గా వేసుకోమని హుసేనమ్మతో అన్నాను.

"ఉండనీ," అంది. వంకర జడతోనే లేచి పొయ్యి దగ్గరికి పోయింది.